డేటాబేస్ సర్వర్లలో డిస్కు నిర్వహణ: తరచుగా అడిగే ప్రశ్నలు

మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో, నల్లగొండ ఆసుపత్రుల్లో, జడ్చర్ల, మహబూబ్‌నగర్ అడ్తి దుకాణాల్లో డేటాబేస్ సర్వర్లు చూసుకునే మిత్రులు ఫోన్ చేసి అడిగే సందేహాలు ఏటా ఒకేలా ఉంటున్నాయి. వానాకాలం, యాసంగి ధాన్యం కొనుగోళ్లు మొదలైన రెండు మూడు వారాలకే అవి వరుసగా రావడం మొదలవుతుంది. ఒకే జవాబును పదిమందికి పది రకాలుగా చెప్పేకంటే ఒకసారి జాగ్రత్తగా రాసిపెట్టడం మేలనిపించి వీటిని కూర్చాను. ఏ సమాధానానికి ఆ సమాధానం పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## సర్వర్ కొనే ముందు

మా డేటా ఇప్పుడు 40 జీబీ ఉంది. ఎంత డిస్కు కొనాలి?

డేటా సైజు ఒక్కటే చూసి కొంటే తప్పకుండా తక్కువ పడుతుంది. ముందుగా మీ డేటా నెలకు ఎంత పెరుగుతోందో కొలవండి. ఆ కొలత జూన్‌లో కాకుండా కొనుగోళ్లు జోరుగా సాగే నెలల్లో తీసుకోవాలి. ఉదాహరణకు రెండు సీజన్లు కలిపి ఐదు నెలలపాటు నెలకు 3 జీబీ, మిగిలిన ఏడు నెలలు నెలకు 1 జీబీ పెరిగితే ఏడాదికి 22 జీబీ అవుతుంది. మూడేళ్లకు 66 జీబీ, ఇప్పుడున్న 40తో కలిపి 106 జీబీ. దీనికి ట్రాన్సాక్షన్ లాగులకు (డేటాలో జరిగే ప్రతి మార్పునూ డేటాబేస్ రాసిపెట్టుకునే ఫైళ్లకు) 40 జీబీ, పెద్ద రిపోర్టులు నడిచినప్పుడు డేటాబేస్ వాడుకునే తాత్కాలిక ఫైళ్లకు 20 జీబీ, అన్నిటికంటే పెద్ద టేబుల్‌ను ఎప్పుడైనా తిరిగి నిర్మించవలసి వస్తే దాని రెండో ప్రతికి 30 జీబీ కలపండి. మొత్తం 196 జీబీ. డిస్కులో 70 శాతం మించి నిండకూడదని అనుకుంటే 280 జీబీ కావాలి, అంటే మార్కెట్లో దొరికే 480 జీబీ డిస్కు సరిపోతుంది. ఈ లెక్కలో బ్యాకప్‌లను కలపలేదు, ఎందుకంటే వాటి చోటు ఈ డిస్కు కాదు.

ఒక టీబీ డిస్కు పెడితే 931 జీబీ మాత్రమే చూపిస్తోంది. దుకాణదారు మోసం చేశాడా?

లేదు. డిస్కు తయారీదారులు టీబీ అంటే లక్ష కోట్ల బైట్లుగా లెక్కిస్తారు. ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కో మెట్టుకు 1024తో భాగిస్తుంది కాబట్టి అంకె 931కి దిగుతుంది. లైనక్స్‌లో ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ వాడితే అందులో మరో 5 శాతం రూట్ యూజర్ (సర్వర్ నిర్వాహకుడి ఖాతా) కోసం పక్కన పెట్టి ఉంటుంది. డేటాబేస్ ఫైళ్లు మాత్రమే ఉండే పార్టిషన్‌లో (డిస్కులో విడిగా చేసిన భాగంలో) దాన్ని ట్యూన్‌టూఎఫ్‌ఎస్ కమాండ్‌తో 1 శాతానికి తగ్గించుకోవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న పార్టిషన్‌లో మాత్రం దాని జోలికి వెళ్లకండి. డిస్కు పూర్తిగా నిండిన రోజు మీరు లాగిన్ అయి సరిదిద్దుకోగలిగేది ఆ 5 శాతం వల్లనే.

ఎస్‌ఎస్‌డీ తప్పనిసరా? పాత హార్డ్ డిస్కుతో నడవదా?

నడుస్తుంది, కానీ ఎంతమంది ఒకేసారి వాడతారన్న దాన్ని బట్టి ఉంటుంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డ్ డిస్కులో అడిగిన చోటు తల కిందికి రావడానికే సగటున 4 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది, తల జరగడానికి మరో 8 నుంచి 9. అందుకే అక్కడక్కడా చెదిరి ఉన్న డేటాను అది సెకనుకు సుమారు 80 సార్లే అందించగలదు. మామూలు ఎస్‌ఎస్‌డీ అదే పనిని వేల సార్లు చేస్తుంది. హార్డ్ డిస్కులను బ్యాకప్‌లకు వాడుకుని, డేటాబేస్‌ను ఎస్‌ఎస్‌డీ మీద ఉంచమని నేను చెబుతాను. కొనేటప్పుడు లాప్‌టాప్‌లలో వాడే రకం కాకుండా, కరెంటు పోయినా చేతిలో ఉన్న రాతను పూర్తిచేసే కెపాసిటర్లు ఉన్న సర్వర్ రకం అడగండి. మిల్లులో పెద్ద మోటారు ఆన్ చేసిన ప్రతిసారీ వోల్టేజి పడిపోయే చోట ఈ తేడా విలువ తెలుస్తుంది. యూపీఎస్ ఉన్నా సరే ఈ రకమే మంచిది.

రెయిడ్ 1, 5, 10 అంటారు. ఏది పెట్టుకోవాలి?

రెయిడ్ అంటే ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా కొన్ని డిస్కులను కలిపి వాడడం. రెండు డిస్కులుంటే రెయిడ్ 1, నాలుగు ఉంటే రెయిడ్ 10. రెయిడ్ 5లో ఎక్కువ స్థలం మిగులుతుంది, కానీ చిన్న రాత ఒక్కటి రాయడానికి రెండుసార్లు చదివి రెండుసార్లు రాయవలసి ఉంటుంది. బిల్లుల మీద బిల్లులు పడే డేటాబేస్‌కు అది భారమే. ఏ రెయిడ్ అయినా డిస్కు పాడైతే కాపాడుతుంది గాని, మనిషి పొరపాటున టేబుల్ తొలగిస్తే కాపాడదు. ఆ తొలగింపు అన్ని డిస్కుల మీదా అదే క్షణంలో జరిగిపోతుంది.

ఆపరేటింగ్ సిస్టమ్, డేటా, లాగులు అన్నీ ఒకే పార్టిషన్‌లో పెడితే ఏమవుతుంది?

ఏదో ఒకటి పెరిగి మిగిలినవాటిని కూడా ఆపేస్తుంది. ప్రింటర్ సాఫ్ట్‌వేర్ లాగు పెరిగినందుకు డేటాబేస్ ఆగిపోవడం, డేటాబేస్ పెరిగినందుకు సర్వర్‌లోకి లాగిన్ కాలేకపోవడం నేను రెండూ చూశాను. లైనక్స్‌లో ఎల్‌వీఎం (డిస్కు స్థలాన్ని వాల్యూములుగా పంచి, తర్వాత పెంచుకునే వీలిచ్చే ఏర్పాటు) వాడి సిస్టమ్‌కు, డేటాకు, ట్రాన్సాక్షన్ లాగులకు వేర్వేరు వాల్యూములు చేయండి. ఉన్న స్థలమంతా మొదటిరోజే పంచేయకుండా కనీసం ఐదో వంతు ఎవరికీ ఇవ్వకుండా వదలండి. ఇచ్చిన స్థలాన్ని తర్వాత పెంచడం సులభం, వెనక్కి తీసుకోవడం కష్టం. ఈఎక్స్‌టీ4ను తగ్గించాలంటే అన్‌మౌంట్ చేయాలి, అంటే వాడకం ఆపి సిస్టమ్ నుంచి విడదీయాలి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్‌సిస్టమ్‌లోనైతే మొత్తం బ్యాకప్ తీసి కొత్తగా కట్టుకోవడమే మార్గం అనుకోండి.

## రోజూ చూసుకునేటప్పుడు

డిస్కు 80 శాతం దాటింది. భయపడాలా?

శాతం ఒక్కటే చూసి చెప్పలేం. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. వానాకాలంలో ఎవరైనా ఆ మట్టం ఎంతుందని మాత్రమే అడిగి ఊరుకోరు, శ్రీశైలం నుంచి ఇన్‌ఫ్లో ఎంత వస్తోందని కూడా అడుగుతారు. మట్టం 580 దగ్గర ఉన్నా పైనుంచి నీరు రాకపోతే గేట్ల మాటే రాదు. 570 దగ్గరే లక్షల క్యూసెక్కులు వచ్చిపడుతుంటే దిగువ ఊళ్లను ముందే హెచ్చరిస్తారు. డిస్కును కూడా అలాగే చూడాలి. 1000 జీబీ డిస్కు 85 శాతం నిండి, రోజుకు 300 ఎంబీ పెరుగుతుంటే ఇంకా 500 రోజుల గడువుంది. 200 జీబీ డిస్కు 60 శాతమే నిండి, రోజుకు 8 జీబీ పెరుగుతుంటే పదో రోజుకు సర్వర్ ఆగుతుంది. చాలా సర్వర్లలో మొదటిదానికి ఎర్ర గుర్తు పడుతుంది, రెండోదానికి పచ్చ గుర్తు కనిపిస్తుంది.

దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. రోజూ ఉదయం ఆరింటికి తేదీ, వాడిన స్థలం ఒక ఫైలులో ఒక వరుసగా రాసేలా క్రాన్ (చెప్పిన వేళకు పనిని తనంతట తానే నడిపే లైనక్స్ ఏర్పాటు) పెట్టండి. నెల తిరిగేసరికి మీ సర్వర్ ఇన్‌ఫ్లో మీకు తెలుస్తుంది. నిండడానికి 30 రోజులున్నప్పుడు కొత్త డిస్కుకు ఆర్డరు పెట్టాలి, ఏడు రోజులున్నప్పుడు ఆ రోజే ఏదో ఒకటి చేయాలి. హఠాత్తుగా పెరిగే సందర్భాలు ఉంటాయి కాబట్టి 90 శాతం దగ్గర ఎస్‌ఎంఎస్ వచ్చే ఏర్పాటు కూడా ఉంచండి.

డీఎఫ్ కమాండ్ 190 జీబీ వాడినట్టు చూపిస్తోంది, డీయూ కూడితే 120 జీబీయే వస్తోంది. మిగతా 70 జీబీ ఎక్కడుంది?

దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే: ఎవరో ఒక పెద్ద ఫైలును తొలగించారు, కానీ ఏదో ప్రోగ్రాం దాన్ని ఇంకా తెరిచి ఉంచింది. లైనక్స్‌లో పేరు పోయినంత మాత్రాన ఫైలు పోదు. తెరిచిన చివరి ప్రోగ్రాం దాన్ని మూసేదాకా ఆ స్థలం విడుదల కాదు. డీఎఫ్ డిస్కు మొత్తం వాడకాన్ని చూపిస్తుంది; డీయూ ఫైళ్ల పేర్లను బట్టి ఒక్కోదాని సైజు కూడుతుంది కాబట్టి దానికి ఆ ఫైలు కనబడదు. ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్‌ను ప్లస్ ఎల్1 ఆప్షన్‌తో నడిపితే అలాంటి ఫైళ్లు, వాటిని పట్టుకున్న ప్రోగ్రాంలు కనిపిస్తాయి. ఆ ప్రోగ్రాంను మాత్రమే రీస్టార్ట్ చేయండి, సర్వర్ మొత్తాన్ని కాదు. ఇకముందు నడుస్తున్న ప్రోగ్రాం లాగు ఫైలును తొలగించకుండా, ట్రంకేట్ కమాండ్‌తో దాని సైజును సున్నా చేయండి.

కారణం అది కాకపోతే మౌంట్ పాయింట్ (డిస్కును తగిలించే ఫోల్డర్) కింద చూడండి. డిస్కు మౌంట్ కాని రోజున బ్యాకప్ స్క్రిప్టు అదే పేరున్న ఖాళీ ఫోల్డర్‌లో రాసి ఉంటుంది; తర్వాత డిస్కు మౌంట్ అయ్యాక ఆ ఫైళ్లు దాని కింద కప్పబడి, కనిపించకుండా స్థలం తింటూనే ఉంటాయి.

స్థలం 40 శాతం ఖాళీగానే ఉంది, అయినా చోటు లేదని ఎర్రర్ వస్తోంది. ఎందుకు?

ఐనోడ్లు, అంటే ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున ఉండే నమోదు చోట్లు, అయిపోయి ఉంటాయి. ఈఎక్స్‌టీ4లో ఎన్ని ఫైళ్లు ఉండవచ్చో ఫార్మాట్ చేసిన రోజే నిర్ణయమవుతుంది. డీఎఫ్‌ను మైనస్ ఐతో నడిపితే తెలుస్తుంది. లక్షల కొద్దీ చిన్న ఫైళ్లు ఎక్కడున్నాయో వెతకండి; సాధారణంగా సెషన్ ఫైళ్లో, బయటికి వెళ్లకుండా పేరుకుపోయిన ఈ-మెయిళ్లో అయి ఉంటాయి.

ఏ టేబుల్ ఎంత స్థలం తింటోందో ఎలా తెలుసుకోవాలి?

పోస్ట్‌గ్రెస్‌లో పీజీ_టోటల్_రిలేషన్_సైజ్ అనే ఫంక్షన్ టేబుల్, ఇండెక్సులు (రికార్డులను త్వరగా వెతకడానికి డేటాబేస్ ఉంచుకునే సూచికలు) అన్నీ కలిపిన సైజు చెబుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఇన్ఫర్మేషన్ స్కీమాలోని టేబుల్స్ పట్టికలో డేటా లెంగ్త్, ఇండెక్స్ లెంగ్త్ కూడితే దగ్గరి అంచనా వస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఎస్‌పీ_స్పేస్‌యూజ్డ్, ఒరాకిల్‌లో డీబీఏ_సెగ్మెంట్స్ ఉన్నాయి. మొదటిసారి చూసినవాళ్లు రెండు విషయాలకు ఆశ్చర్యపోతారు. ఒకటి, ఇండెక్సులు కలిపితే టేబుల్ కంటే పెద్దవిగా ఉండడం. రెండోది, ఫొటోలు. కాంటా మీద ఉన్న లారీ ఫొటోను టేబుల్ లోపలే దాచే సాఫ్ట్‌వేర్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఒక్కోటి 200 కేబీ చొప్పున రోజుకు 500 వాహనాలంటే 100 ఎంబీ, 60 రోజుల సీజన్‌కు 6 జీబీ. ఆ సీజన్ మొత్తం తూకం అంకెలు కొన్ని ఎంబీలకు మించవు. ఫొటోలను విడిగా ఫోల్డర్‌లో ఉంచి, టేబుల్‌లో దారి మాత్రమే రాయమని సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లను అడగండి.

## డేటాబేస్ లోపల పెరుగుతున్నప్పుడు

పాత రికార్డులు సగం తొలగించాను. డిస్కులో ఒక్క జీబీ కూడా ఖాళీ కాలేదు. ఎందుకు?

అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. డేటాబేస్‌లో డిలీట్ అంటే ఆ చోటును "ఇక వాడుకోవచ్చు" అని గుర్తు పెట్టడమే. ధాన్యం తీసేశాక గోదాము ఖాళీ అవుతుంది గాని గోదాము చిన్నది కాదు కదా, ఫైలు కూడా అంతే. పోస్ట్‌గ్రెస్‌లో ఇంకో మెట్టు ఉంది: తొలగించిన వరుస వెంటనే ఖాళీ చోటుగా మారదు, ఎందుకంటే అప్పటికే మొదలైన మరో ట్రాన్సాక్షన్ దాన్ని చూడవలసి ఉండవచ్చు. అలాంటివేవీ లేవని తేలాక వాకూమ్ అనే శుభ్రపరిచే పని వచ్చి ఆ చోటును మళ్లీ వాడుకునేలా చేస్తుంది. ఫైలు చివర ఉన్న పేజీలు పూర్తిగా ఖాళీ అయితే మాత్రమే వాటిని ఆపరేటింగ్ సిస్టమ్‌కు తిరిగి ఇస్తుంది. మధ్యలో ఖాళీ అయిన చోటు టేబుల్‌లోనే ఉండి, వచ్చే సీజన్ రికార్డులకు పనికొస్తుంది. కాబట్టి డిస్కు తగ్గలేదని బెంగ అక్కరలేదు, మీరు చేసిన పని వృథా కాలేదు. ఇక కొన్నాళ్లు ఆ ఫైలు పెరగదు.

తొలగించినా ఫైలు పెరుగుతూనే ఉంటే మాత్రం ఆలోచించాలి. వాకూమ్‌ను తనంతట తానే నడిపే ఆటోవాకూమ్‌ను ఎవరైనా ఆపేశారేమో చూడండి. తర్వాత పీజీ_స్టాట్_యాక్టివిటీలో "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" అని గంటల తరబడి ఉన్న కనెక్షన్లను వెతకండి. క్యాషియర్ బిల్లు స్క్రీన్ తెరిచి, సేవ్ నొక్కకుండా ఇంటికి వెళ్లిపోతే ఆ ఒక్క కనెక్షన్ రాత్రంతా వాకూమ్ చేతులు కట్టేయగలదు.

అయితే వాకూమ్ ఫుల్ లేదా ఆప్టిమైజ్ టేబుల్ నడిపేస్తే సరిపోతుంది కదా?

డిస్కు నిండబోతున్నప్పుడు అస్సలు కాదు. పోస్ట్‌గ్రెస్‌లో వాకూమ్ ఫుల్, మైఎస్‌క్యూఎల్‌లో ఆప్టిమైజ్ టేబుల్, ఈ రెండూ టేబుల్‌ను పక్కన కొత్తగా రాసి, పూర్తయ్యాక పాతదాన్ని తొలగిస్తాయి. అంటే పని జరుగుతున్నంతసేపు టేబుల్‌కు దాదాపు రెండింతల స్థలం కావాలి. పైగా వాకూమ్ ఫుల్ నడుస్తున్నంతసేపు ఆ టేబుల్‌ను ఎవరూ చదవలేరు, రాయలేరు. తొలగించిన డేటా మళ్లీ అంత మోతాదులో రాదని రూఢిగా తెలిసినప్పుడు, స్థలం ఉన్నప్పుడు, పని లేని రాత్రి చేసుకోండి. రాత్రి కూడా పని ఆపలేని చోట పోస్ట్‌గ్రెస్‌కు పీజీ_రీప్యాక్ ఉంది. దానికీ అదనపు స్థలం కావాలి గాని తాళం వేసేది కొద్ది క్షణాలే.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డేటా ఫైలు 6 జీబీ, లాగు ఫైలు 90 జీబీ. ఇదెలా సాధ్యం?

డేటాబేస్ ఫుల్ రికవరీ మోడల్‌లో (లాగు బ్యాకప్ తీసేదాకా లాగును దాచే అమరికలో) ఉండి, ఎవరూ లాగు బ్యాకప్ తీయకపోతే ఇలాగే అవుతుంది. రోజూ ఫుల్ బ్యాకప్ తీస్తున్నామని చాలామంది చెబుతారు; ఫుల్ బ్యాకప్ లాగును ఖాళీ చేయదు, లాగు బ్యాకప్ మాత్రమే చేస్తుంది. ముందు సిస్.డేటాబేసెస్‌లో లాగ్_రీయూజ్_వెయిట్_డెస్క్ అనే కాలమ్ చూడండి, లాగు ఎందుకు ఖాళీ కావడం లేదో అది నేరుగా చెబుతుంది. లాగ్ బ్యాకప్ అని ఉంటే లాగు బ్యాకప్ తీసి, ఆ తర్వాత ష్రింక్‌ఫైల్‌తో ఫైలును ఒకసారి తగిన సైజుకు దించండి. ఆపైన అరగంటకో గంటకో లాగు బ్యాకప్ తీసే జాబ్ పెట్టండి. రోజు మధ్యలో జరిగిన నష్టాన్ని నిమిషం వరకు తిరిగి తెచ్చుకోవలసిన అవసరం మీకు లేకపోతే సింపుల్ మోడల్‌కు (లాగును డేటాబేస్ తనే ఖాళీ చేసుకునే అమరికకు) మారవచ్చు; అప్పుడు నిన్నటి బ్యాకప్ తర్వాతి పని పోతే పోయినట్టే అని యజమానికి ముందే చెప్పి ఒప్పించుకోండి.

లాగు ఫైలును రోజూ ష్రింక్ చేసే జాబ్ పెట్టకండి. అది మళ్లీ పెరగక తప్పదు, పెరిగే ప్రతిసారీ రాతలు ఆగుతాయి. ఆటోగ్రోత్‌ను (నిండినప్పుడు ఫైలు ఎంత పెరగాలో చెప్పే అమరికను) శాతంలో కాకుండా ఎంబీలలో నిర్ణయించండి.

మైఎస్‌క్యూఎల్‌ను 8.0కు మార్చాక డేటా ఫోల్డర్ నిండా బిన్‌లాగ్ ఫైళ్లే. తొలగించవచ్చా?

8.0 నుంచి బైనరీ లాగు (బిన్‌లాగ్, డేటాలో జరిగిన మార్పుల చిట్టా) మొదటినుంచే ఆన్‌లో ఉంటుంది, 25,92,000 సెకన్లు, అంటే 30 రోజులు నిల్వ ఉంటుంది. ఫోల్డర్‌లోకి వెళ్లి చేత్తో తొలగించకండి, ఆ ఫైళ్ల జాబితా ఉన్న ఇండెక్స్ ఫైలుతో పొంతన చెడుతుంది. పర్జ్ బైనరీ లాగ్స్ కమాండ్ వాడండి. రెప్లికా (మార్పులను వెంటవెంటనే నకలు చేసుకునే రెండో సర్వర్) ఉంటే అది ఏ ఫైలు దాకా చదివిందో ముందుగా చూడాలి. వారం చాలనుకుంటే బిన్‌లాగ్_ఎక్స్‌పైర్_లాగ్స్_సెకండ్స్‌ను 6,04,800కు మార్చండి.

ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ వాడుతున్నాం. డిస్కు ఖాళీగానే ఉంది, కొత్త బిల్లు ఎక్కడం లేదు.

2008 ఆర్2 నుంచి 2022 దాకా ఉచిత ఎక్స్‌ప్రెస్ వెర్షన్లలో ఒక్కో డేటాబేస్‌కు డేటా ఫైళ్ల పరిమితి 10 జీబీ. ఇది డిస్కు సమస్య కాదు. లాగు ఫైలు ఆ లెక్కలోకి రాదు. పాత డేటాను మరో డేటాబేస్‌కు తరలించడమో, లైసెన్సు కొనడమో చేయాలి.

## డిస్కు పూర్తిగా నిండిన రోజు

డిస్కు 100 శాతం అయింది, బయట జనం నిలబడి ఉన్నారు. మొదట ఏం చేయాలి?

మొదట ఏదీ తొలగించకండి. రీస్టార్ట్ కూడా చేయకండి, ఎందుకంటే నిండిన డిస్కు మీద డేటాబేస్ మళ్లీ లేవకపోవచ్చు. మైఎస్‌క్యూఎల్ చాలా సందర్భాల్లో ఆగిపోదు. నిమిషానికోసారి స్థలం వచ్చిందేమో చూసుకుంటూ వేచి ఉంటుంది, స్థలం ఇస్తే తనంతట తానే ముందుకు కదులుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాకు చోటు లేకపోతే ఎర్రర్ ఇస్తుంది, వాల్ (దాని ట్రాన్సాక్షన్ లాగు) రాయడానికే చోటు లేకపోతే పానిక్ అని రాసి ఆగిపోతుంది.

ఆ తర్వాత డేటాబేస్‌కు సంబంధం లేనివాటిని వెతకండి: టెంప్ ఫోల్డర్, ప్యాకేజీల డౌన్‌లోడ్ నిల్వ, నిరుడు ఎవరో కాపీ చేసి మరచిన జిప్ ఫైళ్లు, పాత అప్లికేషన్ లాగులు. తొలగించకుండా మరో డిస్కుకో పెన్‌డ్రైవ్‌కో తరలిస్తే ఇంకా మంచిది. ఎల్‌వీఎంలో పంచని స్థలం ఉంటే వాల్యూమును పెంచడం వీటన్నిటికంటే వేగం. నేను చూసుకునే ప్రతి సర్వర్‌లో ఫాలొకేట్ కమాండ్‌తో 4 జీబీ ఉత్త ఫైలు ఒకటి చేసి, దాని పేరులోనే "అత్యవసరానికి" అని రాసి పెడతాను. ఆ ఒక్కదాన్ని తొలగిస్తే ఊపిరి పీల్చుకుని కారణం వెతికేంత సమయం దొరుకుతుంది. పని చక్కబడ్డాక ఆ ఫైలును మళ్లీ పెట్టడం మరచిపోకండి.

పోస్ట్‌గ్రెస్‌లో పీజీ_వాల్ ఫోల్డర్ 180 జీబీ అయింది. పాత ఫైళ్లు తొలగించవచ్చా?

చేత్తో ఎప్పుడూ తొలగించకూడదు. అవి చదువుకోవడానికి రాసిన లాగులు కావు, కరెంటు పోయినా డేటా నిలిచేది వాటి మీదే. 2017లో వచ్చిన 10వ వెర్షన్‌కు ముందు ఆ ఫోల్డర్ పేరు పీజీ_ఎక్స్‌లాగ్. లాగ్ అన్న మాట చూసి జనం తొలగిస్తున్నారనే పేరు మార్చారు.

దాని ఫలితం నేను దగ్గరి నుంచి చూశాను. యాసంగి కొనుగోళ్ల రోజుల్లో ఒక మిల్లు నుంచి రాత్రి పదకొండున్నరకు ఫోన్ వచ్చింది. గేటు బయట ధాన్యం ట్రాక్టర్లు వరుసగా నిలబడి ఉన్నాయి, వేబ్రిడ్జి తెర మీద బరువు కనిపిస్తోంది, స్లిప్పు మాత్రం రావడం లేదు. అక్కడ పాత 9.6 వెర్షన్ నడుస్తోంది. నేను చేరేసరికే ఆపరేటర్ సగం ఫైళ్లు తీసేశాడు. "పాత లాగులే గదా అని తీసేసిన అన్నా" అన్నాడు. డేటాబేస్ మొదలుపెడితే సరైన చెక్‌పాయింట్ రికార్డు (డేటా ఎక్కడిదాకా డిస్కులో భద్రంగా చేరిందో చెప్పే గుర్తు) దొరకలేదని చెప్పి ఆగిపోయింది. ఆ రోజు వేకువన రెండింటికి తీసిన బ్యాకప్‌ను ఎక్కించి, ఆ రోజు తూకాలన్నీ పసుపు రంగు కార్బన్ స్లిప్పులు చూసి మళ్లీ కొట్టాం. ఒకరు చదువుతుంటే ఒకరు కొడుతూ తెల్లవారేదాకా కూర్చున్నాం. ఆ అబ్బాయి తప్పు కంటే నా తప్పే పెద్దది. ఆర్నెల్ల కింద తీసేసిన రిపోర్టు సర్వర్ కోసం పెట్టిన రెప్లికేషన్ స్లాటును నేను తొలగించలేదు. అవతల చదివేవాళ్లు లేకపోయినా, ఆ స్లాటు కోసం సర్వర్ ప్రతి వాల్ ఫైలునూ దాచుకుంటూ వచ్చింది.

కాబట్టి మొదట పీజీ_రెప్లికేషన్_స్లాట్స్ చూడండి. యాక్టివ్ కాని స్లాటు అవసరం లేనిదే అయితే పీజీ_డ్రాప్_రెప్లికేషన్_స్లాట్‌తో తొలగించండి. తర్వాతి చెక్‌పాయింట్‌కు ఫైళ్లు వాటంతట అవే తగ్గుతాయి. రెండో కారణం ఆర్కైవ్ కమాండ్ (వాల్ ఫైళ్లను మరో చోటికి నకలు చేసే కమాండ్) విఫలమవుతూ ఉండడం. బ్యాకప్ డిస్కు నిండినా, ఊడిపోయినా ఇదే జరుగుతుంది, పీజీ_స్టాట్_ఆర్కైవర్‌లో కనిపిస్తుంది. 13వ వెర్షన్ నుంచి మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్ ఉంది. దానికి ఒక హద్దు పెడితే వెనకబడిన రెప్లికా పనికిరాకుండా పోతుంది గాని అసలు సర్వర్ నిలుస్తుంది. నాకు అదే సరైన బేరం అనిపిస్తుంది.

ఒరాకిల్‌లో 00257 ఎర్రర్ వచ్చి అందరూ నిలిచిపోయారు. ఆర్కైవ్ ఫైళ్లు తొలగించినా అదే ఎర్రర్.

రికవరీ ఏరియాలో (ఆర్కైవ్ ఫైళ్లు, బ్యాకప్‌లు పెట్టే చోట) ఎంత వాడారన్న లెక్క ఒరాకిల్ తనే రాసుకుంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి ఫైళ్లు తొలగిస్తే ఆ సంగతి దానికి తెలియదు. ఆర్‌మ్యాన్ అనే ఒరాకిల్ బ్యాకప్ సాధనంలో క్రాస్‌చెక్ ఆర్కైవ్‌లాగ్ ఆల్, ఆ తర్వాత డిలీట్ ఎక్స్‌పైర్డ్ ఆర్కైవ్‌లాగ్ ఆల్ నడిపితే లెక్క సరవుతుంది. డిస్కులో నిజంగా చోటుంటే డీబీ_రికవరీ_ఫైల్_డెస్ట్_సైజ్‌ను పెంచడం తక్షణ ఉపశమనం. చేత్తో తొలగించిన ఆర్కైవ్‌లు బ్యాకప్‌లో లేనివైతే ఆ రోజే కొత్తగా ఫుల్ బ్యాకప్ తీయాలి.

## స్థలం పెంచడం, పాత డేటా, బ్యాకప్

సర్వర్ ఆపకుండా డిస్కు పెంచవచ్చా?

ఎల్‌వీఎం ఉంటే పెంచవచ్చు. కొత్త డిస్కును పీవీక్రియేట్‌తో సిద్ధం చేసి, వీజీఎక్స్‌టెండ్‌తో గ్రూపులో కలిపి, ఎల్‌వీఎక్స్‌టెండ్‌ను మైనస్ ఆర్‌తో నడిపితే వాల్యూముతో పాటు ఫైల్‌సిస్టమ్ కూడా పెరుగుతుంది. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ రెండూ నడుస్తుండగానే పెరుగుతాయి. వర్చువల్ మెషీన్‌లో ఉన్న డిస్కునే పెంచితే పార్టిషన్‌ను గ్రోపార్ట్‌తో సాగదీసి పీవీరీసైజ్ చేయాలి. పాత ఎంబీఆర్ పద్ధతి పార్టిషన్ టేబుల్ 2 టీబీ దాటనివ్వదు, పెద్ద డిస్కులకు జీపీటీ ఉండాలి. ఆపకుండా చేయగలమన్నది నిజమే అయినా, బ్యాకప్ తీయకుండా ఈ పని మొదలుపెట్టకండి.

పాత సీజన్ల తక్‌పట్టీలు, బిల్లులు ఎన్నేళ్లు ఉంచాలి? తీసేయడం ఎలా?

జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం లెక్కలను ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. కేసు నడుస్తుంటే ఇంకా ఎక్కువ కాలం. ఉంచడమంటే రోజువారీ పని జరిగే డిస్కులోనే ఉంచాలని కాదు. టేబుల్‌ను సీజన్ వారీగా పార్టిషన్ చేసుకుంటే (ఇది డిస్కు పార్టిషన్ కాదు, టేబుల్‌ను విడి ముక్కలుగా చేయడం), రోజువారీ పనికి అక్కరలేని పాత వానాకాలం పార్టిషన్‌ను ఎగుమతి చేసి దాచి, ఇక్కడ డ్రాప్ చేయవచ్చు. కోట్ల వరుసలను డిలీట్ చేయడానికి గంటలు పడుతుంది, లాగులు నిండుతాయి, స్థలమూ తిరిగి రాదు. పార్టిషన్ డ్రాప్ చేయడం క్షణాల పని, స్థలం వెంటనే వస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో 10వ వెర్షన్ నుంచి ఇది సూటిగా ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో పార్టిషన్ చేసిన టేబుల్‌కు ఫారిన్ కీలు (టేబుళ్ల మధ్య లంకెలు) పనిచేయవని ముందే గమనించండి. బత్తాయి మార్కెట్ లాంటి చోట్ల సరుకు ఏడాదిలో ఎక్కువ కాలం వస్తుంది కాబట్టి నెలల వారీ పార్టిషన్లు నయం.

బ్యాకప్ అదే డిస్కులో పెడుతున్నాం. తప్పా?

తప్పే. డిస్కు పాడైతే రెండూ పోతాయి, పైగా డిస్కు నిండడానికి చాలా సందర్భాల్లో ఆ బ్యాకప్‌లే కారణం. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్లో అన్నది పాత సూత్రం. మిర్యాలగూడ సర్వర్ బ్యాకప్ నల్లగొండ ఆఫీసులోనో క్లౌడ్‌లోనో ఉంటే చాలు. పాత బ్యాకప్‌ను తొలగించే స్క్రిప్టు, కొత్తది సరిగా పూర్తయిందని చూసుకున్నాకే తొలగించాలి. తేదీ చూసి గుడ్డిగా తొలగించే స్క్రిప్టు, బ్యాకప్ విఫలమైన వారం తర్వాత ఏమీ మిగల్చదు. వర్చువల్ మెషీన్ స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు, అది అసలు డిస్కు మీదే ఆధారపడి ఉంటుంది; మరచిపోతే మార్పులన్నీ దాచుకుంటూ పెరిగి హోస్టు డిస్కునే నింపుతుంది.

డిస్కు చెడిపోబోతోందని ముందే తెలుస్తుందా?

కొన్నిసార్లు తెలుస్తుంది. స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో నెలకోసారి చూడండి. హార్డ్ డిస్కులో రీలొకేటెడ్, పెండింగ్ సెక్టార్ల సంఖ్య సున్నా నుంచి కదిలి వారం వారం పెరుగుతుంటే మార్చే సమయం వచ్చింది. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలో పర్సెంటేజ్ యూజ్డ్ అనే అంకె చూడాలి. రెయిడ్‌లో ఒకే రోజు కొన్న ఒకే బ్యాచ్ డిస్కులుంటే అన్నీ ఇంచుమించు ఒకే వయసులో అలసిపోతాయి కాబట్టి, ఒకటి పోగానే రెండోదాని కోసం కూడా ఆర్డరు పెట్టండి. హైదరాబాద్ నుంచి తెప్పించడానికి ఒక రోజు పట్టినా ఆ రోజు కొనుగోళ్ల నడిమధ్యనే పడవచ్చు. అదే సైజు డిస్కు ఒకటి కొత్తది పెట్టెలోనే ఉంచి, దాని మీద ఏ సర్వర్‌కో రాసి బీరువాలో పెట్టుకోండి.